బెంగ అనే ముందు నీళ్ళ గిన్నె చూడండి

హనుమకొండ చుట్టూ లేచిన కొత్త కాలనీల్లో, ఇంటికీ ప్రహరీ గోడకూ మధ్య మిగిలిన కాస్త జాగాలో నాలుగు కోళ్ళు పెంచుకోవడం ఈ మధ్య మామూలు సంగతి అయింది. మా వీధిలో ఒక ఇంటివాళ్ళు కూడా గుడ్ల కోసమే కోళ్ళను పెంచే ఒక లేయర్ ఫారం నుంచి కొన్ని పెట్టలను తెచ్చుకున్నారు. వచ్చిన మర్నాడు రెండు గుడ్లు దొరికాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా గూట్లో గడ్డి తప్ప మరేమీ లేదు. వీధిలో పంచాయితీ మొదలైంది. ఎదురింటి పెద్దమ్మ "బెంగ పెట్టుకున్నయి బిడ్డా, నేల మారింది గద" అని తేల్చేసింది. ఆ ఇంటి అబ్బాయి ఫోనులో వెతికి "స్ట్రెస్ అట పెద్దమ్మా" అన్నాడు. ఒకరు దిష్టి అన్నారు. మరొకరు అమ్మినవాడు ముసలి కోళ్ళను అంటగట్టాడన్నారు.

ఈ నాలుగింటిలో నాకు కాస్త పనికివచ్చేదిగా తోచింది చివరిది. అది నిజమని కాదు, దాన్ని కనీసం పరీక్షించి చూడవచ్చు గనుక. దిష్టి సంగతి వదిలేద్దాం. పెద్దమ్మ చెప్పిన బెంగ, ఫోను చెప్పిన స్ట్రెస్ నిజానికి ఒకే సమాధానం, అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ సమాధానం విన్నవాళ్ళు ఇక తాము చేసేదేమీ లేదని చేతులు ముడుచుకొని కూర్చుంటారు, ఎందుకంటే బెంగ కోడిది, అది తగ్గితే దానంతట అదే తగ్గాలి. నా అభిప్రాయం వేరు. చోటు మారిన కోడి గుడ్లు ఆపిందంటే దాని వెనుక ఎక్కువసార్లు నీళ్ళు, దాణా, వెలుగు, మందలో దొరికిన స్థానం వంటి మామూలు కారణాలే ఉంటాయి, అవన్నీ మన ప్రహరీ లోపలే, మన చేతికి అందేంత దూరంలోనే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా చూసుకున్నాక ఇంకా ఏమైనా మిగిలితే, దానికి బెంగ అని పేరు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు.

వచ్చిన మర్నాటి గుడ్డు

దిష్టి మాటకు బలం ఇచ్చేది ఆ మొదటి గుడ్డే. "వచ్చిన మర్నాడు పెట్టింది, అందరూ చూసి పోయినంక ఆపింది" అని వీధిలో చెప్పుకోవడానికి అది చక్కగా అమరుతుంది. కానీ పచ్చసొన అండాశయం నుంచి విడివడి, తెల్లసొన చుట్టుకొని, పెంకు కట్టుకొని బయటికి రావడానికి దాదాపు 25 గంటలు పడుతుంది, అందులో పెంకు కట్టడానికే దాదాపు 20 గంటలు పోతాయి. మనం బేరం చేసి కోడిని చేతికి తీసుకునేటప్పటికే మర్నాటి గుడ్డు దాని కడుపులో తయారవుతూ ఉంటుంది. అది పాత ఇంటి దాణాతో, పాత ఇంటి నీళ్ళతో తయారైన గుడ్డు, దాన్ని బట్టి కొత్త ఇంటికి మార్కులు వేసుకోవడం కుదరదు. మహా అయితే ప్రయాణం ఎలా జరిగిందో దాని పెంకు మీద కనిపిస్తుంది. బెదిరిన కోడి గుడ్డును కొన్ని గంటలు ఎక్కువసేపు లోపలే పట్టి ఉంచితే పెంకు మీద అదనంగా ఒక పొర పడి, గోధుమ రంగు గుడ్డు సున్నం చల్లినట్లు పాలిపోయి వస్తుంది. మా వీధిలో దొరికిన రెంటిలో ఒకటి అలాంటిదే. ఆ ఇంటావిడ దుమ్మేమో అనుకొని కొంగుతో తుడిచి చూసింది, పోలేదు.

అసలు లెక్క అండాశయంలో ఉంది. గుడ్లు పెట్టే దశలో ఉన్న కోడిలో ఐదారు పెద్ద పచ్చసొనలు ఒకదాని కంటే ఒకటి చిన్నవిగా తమ వంతు కోసం వరుసలో ఉంటాయి, ఒక్కొక్కటి పూర్తిగా ఎదగడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. తిండో నీళ్ళో తెగినప్పుడు, లేదా కోడి బాగా బెదిరినప్పుడు, శరీరం ఆ వరుసను మధ్యలోనే ఆపి, ఎదిగిన సొనలను తిరిగి తనలోకే పీల్చుకుంటుంది. ఆ తర్వాత మనం అన్నీ చక్కదిద్దినా వరుస మళ్ళీ మొదటి నుంచి కట్టుకురావాలి. ఇవాళ మంచి దాణా పోసి రేపు గూట్లో చెయ్యి పెట్టి వెతికేవాళ్ళు ఈ లెక్కను మరిచిపోతారు. దాణా బాగుపడిన రోజుకూ గుడ్డు దొరికే రోజుకూ మధ్య రెండు మూడు వారాలు గడవడం ఆలస్యం కాదు, ఆ పనికి పట్టే కాలమే అంత. ఈ లోపల ఓపిక నశించి టానిక్కు మార్చి, దాణా మార్చి, గూడు మార్చి, చివరికి కోడినే మార్చేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

నీళ్ళు, దాణా, దీపం

మా వీధి కోళ్ళ దగ్గరికి వెళ్ళి చూస్తే నాకు మొదట కనిపించింది కొత్త స్టీలు బేసిను. నిండా నీళ్ళు ఉన్నాయి, పైన ఒక ఎండుటాకు తేలుతోంది, ఎవరూ ముట్టిన జాడ లేదు. ఒక పెట్ట మాత్రం బట్టలుతికే బండ పక్కన ఉన్న నల్లా కింద నిలబడి, దాని అంచున చుక్క ఊరి వేలాడిన ప్రతిసారీ మెడ నిక్కించి ముక్కుతో అందుకుంటోంది. ఫారాలలో చాలాచోట్ల కోళ్ళకు గొట్టానికి బిగించిన నిపుల్ ద్వారా నీళ్ళు అందుతాయి, ముక్కుతో పొడిస్తే చుక్క రాలుతుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తల మీది నుంచి రాలే చుక్కనే నీళ్ళుగా ఎరిగిన కోడికి నేల మీద నిశ్చలంగా మెరిసే బేసిను నీళ్ళని వెంటనే తట్టకపోవచ్చు. ఆ ఇంటావిడ దాన్ని పట్టుకొని ముక్కు కొన తడిసేలా బేసినులో వంచింది. అది తల విదిలించింది, ఒక క్షణం ఆగింది, తనంతట తానే మళ్ళీ ముక్కు ముంచి మెడ పైకెత్తి మింగింది, ఇక ఎంతసేపటికీ ఆపలేదు. మిగిలినవి దాన్ని చూసి ఒక్కొక్కటే చేరాయి.

గుడ్డులో ముప్పావు వంతు నీళ్ళే. చల్లటి రోజుల్లో ఒక పెట్ట రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది, మా దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు తాకే రోజుల్లో దానికి రెట్టింపు కూడా చాలకపోవచ్చు. ఒక్క రోజు నీళ్ళు తెగినా దాని ఫలితం గుడ్ల మీద వారాల తరబడి కనిపిస్తుంది. ఇలాంటి కోడిని చూసి బెంగ అనేవాళ్ళు ఆ బేసిను దాటి పోయే ఉంటారు, కానీ నీళ్ళు తగ్గాయా లేదా అని వంగి చూసి ఉండరు.

దాణా సంగతి ఇంకా తేలిక, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఫారంలో తిన్న లేయర్ దాణాలో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు, మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం ఉంటాయి. ఇంటికి వచ్చాక ప్రేమగా పెట్టేది నూకలు, మిగిలిన అన్నం, గుప్పెడు మక్కలు. ఒక్కో గుడ్డు పెంకులో రెండు గ్రాములకు పైగా కాల్షియం పోతుంది, నూకల్లో అది లేనట్టే లెక్క. కోడి కొన్నాళ్ళు తన ఎముకల్లో దాచుకున్నది తీసి పెంకుకు పెడుతుంది, ఆ నిల్వ తరిగాక గుడ్డు పలచబడుతుంది, లేదా ఆగిపోతుంది. తెచ్చేటప్పుడే పాత దాణా ఒక సంచి అడిగి తెచ్చుకొని, వారం పది రోజుల పాటు కొత్తదానిలో కలుపుతూ మార్చితే, ఒక పక్కన చిన్న మూకుడులో ఆల్చిప్పల పొడి పెడితే, ఈ కథలో సగం జరగదు. కోడి తనకు కావలసినంత ఆ పొడి తానే ఏరుకుంటుంది.

దీపం మాట చెబితే ఎదురింటి పెద్దమ్మ నవ్వింది, "కోడికి కరెంటు బుగ్గ ఎందుకు బిడ్డా" అని. ఇది నవ్వవలసిన విషయం కాదు. ఫారంలో గుడ్ల కోళ్ళకు పగటి వెలుగు, దీపాలు కలిపి రోజుకు 16 గంటల దాకా వెలుగు ఇస్తారు. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, ఇక్కడ డిసెంబరులో పగలు 11 గంటలు, జూన్‌లో ఎంత పెద్ద పగలైనా 13 గంటలకు కాస్త పైన. అంటే శీతాకాలంలో ఫారం నుంచి పెరట్లోకి వచ్చిన పెట్టకు ఒక్క రోజులో ఐదు గంటల పగలు పోయింది. కోడి మెదడు వెలుగును కంటి ద్వారానే కాక పుర్రె మీదుగా కూడా గ్రహిస్తుంది, చూపు లేని కోళ్ళు సైతం పగటి నిడివికి స్పందిస్తాయి. పగలు హఠాత్తుగా కుంచించుకుపోతే శరీరం దాన్ని కాలం మారిందన్న సంకేతంగా తీసుకొని, గుడ్లు ఆపి ఈకలు రాల్చడం మొదలుపెడుతుంది, ఆ పని ముగిసి కొత్త ఈకలు రావడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. మెడ చుట్టూ ఈకలు రాలి, లోపలి నుంచి ముళ్ళలాంటి కొత్త మొలకలు కనిపిస్తున్న కోడికి ఏ టానిక్కు పోసినా గుడ్డు రాదు.

"మరి నాటుకోళ్ళు ఏ దీపమూ లేకుండానే పెడుతున్నయి గద" అన్న ప్రశ్న న్యాయమైనదే. నాటుకోడి పుట్టింది, పెరిగింది ఈ పగటి వెలుగులోనే, దానికి పోగొట్టుకోవడానికి అదనపు వెలుగు ఎప్పుడూ లేదు. అయితే అది ఏడాదికి పెట్టే గుడ్లు 50, 60 దాటడం కష్టం, దానికి ముఖ్య కారణం దాని జాతి లక్షణమే. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ అనే పెరటి కోడి రకం మంచి పోషణలో 200 పైన పెడుతుందంటే, ఆ పోషణలో వెలుగు కూడా ఒక భాగం. దీపం పెట్టదలచినవాళ్ళు సాయంత్రం కాక తెల్లవారుజామున వెలిగించడం మేలు. రాత్రి హఠాత్తుగా ఆర్పితే కోళ్ళు చీకట్లో కొయ్య ఎక్కలేక నేల మీదే చిక్కుపడిపోతాయి.

పెట్టే కోడిని ఎవరు అమ్ముకుంటారు?

ఫారం కోడి కాక అంగడి నుంచి తెచ్చిన నాటుకోడి అయితే నేను ముందు అడిగే ప్రశ్న వేరు. ఆ కోడి గుడ్లు ఆపింది మన ఇంటికి వచ్చాకనా, రాకముందా?

నర్సంపేట వైపు పల్లెలో ఉండే మా మేనత్త ఈ విషయంలో నాకు గురువు. ఒకసారి ఆమెతో అంగడికి వెళ్ళినప్పుడు అమ్మేవాడు ఒక పెట్టను చూపి "రేపటి సంది గుడ్డే అమ్మా" అని ఊరించాడు. అత్తమ్మ దాన్ని చంకలో ఇరికించుకొని, తోక కింద ఈకలు తప్పించి, రెండు వైపులా మొనల్లా తగిలే సన్నని ఎముకల మధ్య వేళ్ళు ఆనించింది. పెట్టే కోడికి అక్కడ రెండు మూడు వేళ్ళు పడతాయి, ఆపిన కోడికి ఒక వేలు పట్టడమే కష్టం. గుడ్డు వచ్చే దారి వెడల్పుగా, తడిగా ఉందా, ముడుచుకొని పొడిగా ఉందా అన్నది కూడా చూసింది. తురాయిని బొటనవేలితో నొక్కి చూసి, పాలిపోయి బిరుసెక్కి ఉండటంతో కోడిని తిరిగి అతని చేతికి ఇచ్చేసింది. దారిలో నాతో అన్నది: "గుడ్లు పెట్టే కోడిని ఎవడన్న అమ్ముకుంటడా బిడ్డా?"

నేను చదివిన సమాచారంలో ఎక్కడా ఈ మాట ఇంత సూటిగా కనిపించలేదు. నాటుకోడి ఒక విడతలో పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, 21 రోజులు పొదిగి, ఆ తర్వాత పిల్లలను వెంటేసుకొని తిరుగుతుంది. ఇదంతా కలిపితే గుడ్డు లేని కాలం రెండు మూడు నెలలు. ఇంటికి డబ్బు అవసరమైనప్పుడు పల్లెలో ఏ కోడి అంగడికి వస్తుంది? రోజూ గుడ్డు ఇస్తున్నది రాదు, ఆపినదే వస్తుంది. మేడారం జాతరకో, సంక్రాంతి పండుగకో ధర పెరిగినప్పుడు తప్ప ఈ లెక్క మారదు. ఫారంలోనూ దాదాపు ఇంతే. 72, 80 వారాలు దాటి గుడ్లు తగ్గిన కోళ్ళను ఖాళీ చేస్తారు, అవి చికెన్ సెంటర్లలో లేయర్ కోడి పేరుతో చవకగా దొరుకుతాయి, గుడ్ల ఆశతో వాటిని కొని తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఇంటి మార్పు వల్ల గుడ్లు ఆగాయని మనం అనుకుంటున్న చోట, గుడ్లు ఆగడం వల్లనే ఇల్లు మారిన కోళ్ళు ఎన్నో ఉంటాయి.

గుడ్లు ఆగనే లేదన్న సందర్భాలను కూడా మరిచిపోకూడదు. మాకు తెలిసిన ఒక ఇంట్లో కోళ్ళకు బెంగ అని స్థిరపడిపోయి, దసరా ముందు ఇల్లు సర్దుతుంటే కట్టుబడిలో మిగిలిన టైల్స్ పెట్టెల వెనుక గుడ్ల గుట్ట బయటపడింది, సగం కుళ్ళిపోయి. కొత్త చోట గూడు ఏదో తెలియని కోడి తనకు నచ్చిన చీకటి మూల వెతుక్కుంటుంది. పొద్దున పూట కోడి కొక్కరించిన దిక్కుకు చెవి పెట్టి ఉంటే ఆ గుడ్లు ఎప్పుడో దొరికేవి. గూట్లో ఒక గుడ్డును తియ్యకుండా ఉంచితే మిగిలినవి అక్కడికే వస్తాయన్నది పల్లెల్లో అందరికీ తెలిసిన కిటుకు.

బెంగ వాటా ఎంత?

ఇంత చెప్పాక బెంగ అన్నదే లేదనడం మొండితనం అవుతుంది. నీళ్ళు, దాణా, వెలుగు ఏ మాత్రం మార్చకుండా కోడిని ఒక గదిలో నుంచి మరో గదిలోకి మార్చినా గుడ్లు తగ్గడం ఉన్నదే. బెదిరిన కోడి రక్తంలో కార్టికోస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది, అది పెరిగినప్పుడు పచ్చసొన విడివడడానికి మెదడు నుంచి రావలసిన సంకేతాలు సన్నగిల్లుతాయి. దాని అడవి పూర్వీకురాలి వైపు నుంచి చూస్తే ఇందులో తెలివి ఉంది, ఎక్కడ ఏ జంతువు పొంచి ఉందో తెలియని చోట గుడ్డు పెట్టడం దండగ.

కానీ ఆ బెదురులో కూడా ఎక్కువ భాగం మనం పెట్టిందే. రెండు కాళ్ళు కట్టి, తలకిందులుగా బండి హ్యాండిల్‌కు వేలాడదీసి, ఎండలో ఊరు దాటించి తెస్తాం. పక్షులకు మనలా ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరపు పొర, అంటే ఉదర వితానం, లేదు, తలకిందులైనప్పుడు లోపలి అవయవాలన్నీ గాలి సంచుల మీద పడి ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. అకారణంగా బాధ కలిగే తీరులో జంతువులను తరలించడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం నేరమన్నది, మన రోడ్ల మీద ఆ ఊసే కనిపించదు. పొద్దు గుంకాక, గంపలోనో అట్టపెట్టెలోనో గాలి తగిలేలా పెట్టి తెస్తే కోడి చీకట్లో ముడుచుకొని కూర్చుంటుంది, తెల్లవారేసరికి కొత్త గూట్లో లేస్తుంది.

ఇంట్లో అప్పటికే కోళ్ళు ఉంటే ఇంకో సమస్య. మందలో ఎవరు ఎవరిని పొడవాలన్న వరుస ఉంటుందని నార్వేకు చెందిన శాస్త్రవేత్త షెల్డెరుప్ ఎబ్బే 1920లలోనే రాశాడు, పల్లెల్లో అది రాయకముందే తెలుసు. కొత్తగా వచ్చింది ఆ వరుసలో అట్టడుగున చేరుతుంది, దాణా పళ్ళెం దగ్గరికి పోయిన ప్రతిసారీ పోటు తిని వెనక్కి వస్తుంది. చూసేవాళ్ళకు అది ఒక మూల నిలబడి బెంగటిల్లినట్టు ఉంటుంది. నిజానికి దానికి ఆకలి. రెండో పళ్ళెం, రెండో నీళ్ళ గిన్నె కాస్త దూరంగా పెడితే, లేదా వారం పది రోజులు మధ్యలో తీగల జాలీ కట్టి ఒకదానికొకటి కనిపించేలా ఉంచితే, ఆ బెంగ చాలా వరకు తీరుతుంది. మా అత్తమ్మ కొత్త కోడిని గంప కింద మూసి, అక్కడే గింజలు, నీళ్ళు పెట్టి కొన్నాళ్ళు ఉంచుతుంది. అలవాటు పడుతుందని ఆమె చెప్పే కారణం. పోట్లు తినకుండా కడుపునిండా తినడానికి దొరికిన చోటు కూడా ఆ గంపే.

బెంగ అని ఊరుకోవడంలో నాకు నిజంగా భయం వేసే విషయం ఒకటి ఉంది. కోళ్ళను చంపే అంటువ్యాధి అయిన కొక్కెర తెగులు ఇళ్ళలోకి వచ్చే దారుల్లో ముఖ్యమైనది అంగడి నుంచి తెచ్చిన కొత్త కోడే. ఆ తెగులు సోకినప్పుడు కూడా గుడ్లు ఆగుతాయి, కోడి ఒక మూల మునగదీసుకొని కూర్చుంటుంది. పచ్చటి పారుడు, ముక్కు తెరిచి గురగుర శబ్దంతో ఊపిరి, మెడ మెలిక తిరగడం కనిపిస్తే అది చోటు మారిన బాధ కాదు, అప్పటికే పాత కోళ్ళకు అంటుకొని ఉండవచ్చు. కొత్తవాటిని రెండు మూడు వారాలు వేరుగా ఉంచడం, పశువైద్యశాలలో అడిగి ఆ తెగులుకు టీకా అయిన లసోటా చుక్కలు వేయించడం గుడ్ల కంటే ముందు చూసుకోవలసిన పనులు.

మా వీధి కోళ్ళలో నీళ్ళు తాగడం మొదలుపెట్టినవాటికి మర్నాడే గుడ్లేమీ రాలేదు. కొన్ని వారాలకు కొన్ని పెట్టసాగాయి, ఒకటి మాత్రం ఈకలు రాల్చుకొని ఇప్పుడు చూడటానికి అందవికారంగా తిరుగుతోంది. దాని మీద ఆ ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి, ఒకటి కూర పక్షం, ఒకటి ఆగుదామనే పక్షం. నేను రెండో పక్షం, అయితే దానికీ ఒక గడువు ఉంది. కొత్త ఈకలు పూర్తిగా వచ్చి, తురాయి మళ్ళీ ఎర్రబడి, తోక కింది ఎముకల మధ్య రెండు వేళ్ళు పడితే అది పెడుతుంది. ఈకలు వచ్చి నెల దాటినా అక్కడ ఒక వేలే పడుతుంటే దాని వయసు అయిపోయిందనుకోవాలి, అప్పుడు మొదటి పక్షం వాళ్ళతో నాకు వాదన లేదు.